విఫలమైన అన్వేషణ యాత్ర చరిత్రను కథనంలా రాయడం ఎలా?

వలస పాలన రోజుల్లో మ్యాపులో ఖాళీగా కనిపించిన చోటికల్లా బయల్దేరి, సగం మంది తిరిగి రాకుండా పోయిన యాత్రల గురించి చదవడం చాలామందికి ఇష్టం. రాయడానికి కూర్చుంటే మాత్రం మనలో ఎక్కువమంది రెండు గోతుల్లో ఒకదాంట్లో పడతాం. పోయినవాళ్లను వీరుల్ని చేసి దండలు వేయడం ఒకటి, నూట అరవై ఏళ్ల తర్వాత ఫ్యాన్ కింద కూర్చుని "ఇంత తెలివితక్కువ వాళ్లా" అని నవ్వడం ఇంకొకటి. రెండోది ఇప్పుడు ఫ్యాషన్ కూడా. ఈ రెండింటి నుంచీ తప్పించుకోవడానికి ఒకటే దారి ఉంది: ఏ పేజీలోనైనా పాఠకుడికి ఆ రోజు ఆ మనిషికి ఎంత తెలుసో అంతే తెలియనివ్వడం. చెప్పడం తేలికే, చేయడానికి మాత్రం చాలా గుమాస్తా పని ఉంటుంది. ఆ పని ఎలా చేయాలో ఒక్క యాత్రనే పట్టుకుని చెప్తాను, 1860-61లో ఆస్ట్రేలియాను దక్షిణం నుంచి ఉత్తరానికి దాటబోయిన బర్క్, విల్స్ యాత్ర. మీరు వేరే యాత్ర ఎంచుకున్నా పద్ధతి ఇదే.

కథ తెలియనివాళ్ల కోసం నాలుగు ముక్కలు. విక్టోరియా కాలనీకి బంగారం పుణ్యమా అని డబ్బు వచ్చింది, పక్కనున్న సౌత్ ఆస్ట్రేలియా కాలనీ తరఫున జాన్ మెక్‌డోవల్ స్టూవర్ట్ అప్పటికే ఖండం మధ్యలోకి చొచ్చుకుపోతున్నాడు, ఆయన కంటే ముందు మనమే దాటాలని మెల్బోర్న్ పెద్దలకు పట్టుదల. రాయల్ సొసైటీ ఆఫ్ విక్టోరియా ఒక కమిటీ వేసింది. 1860 ఆగస్టు 20న రాయల్ పార్క్ నుంచి 19 మంది మనుషులు, పాతిక దాటిన ఒంటెలు, 23 గుర్రాలు, 6 బళ్లు, దాదాపు 20 టన్నుల సామానుతో వేల మంది జనం చూస్తుండగా బయల్దేరారు. నాయకుడు రాబర్ట్ ఓహారా బర్క్ ఐర్లండ్‌లో పుట్టిన పోలీసు అధికారి, అడవిలో తిరిగిన అనుభవం లేదు. చివరికి నలుగురు ఉత్తర తీరం దగ్గరిదాకా వెళ్లారు, వాళ్లలో ఒక్కడు బతికాడు. అన్ని గుంపుల్లో కలిపి పోయినవాళ్లు ఏడుగురు.

ముందు ఒక ప్రశ్న పట్టుకోండి

"ఈ యాత్ర ఎందుకు విఫలమైంది" అనే ప్రశ్నతో మొదలుపెట్టకండి. అది పరీక్ష పేపర్లో ప్రశ్న, దానికి పది మార్కుల జవాబే వస్తుంది: నాయకుడు చెడ్డవాడు, ఎండ ఎక్కువ, కమిటీ మొద్దు నిద్ర, అయిపోయింది. దానికి బదులు, జవాబు కోసం మీరే తారీఖులు వెతుక్కోవాల్సిన ప్రశ్న ఒకటి కావాలి.

ఈ యాత్రలో అది వెతక్కుండానే దొరుకుతుంది. కూపర్ క్రీక్ అనే వాగు ఒడ్డున 65వ మకాం డిపో. అక్కడ విలియం బ్రాహేను, ఇంకో ముగ్గురిని కాపలా పెట్టి, బర్క్, విల్స్, కింగ్, గ్రే 1860 డిసెంబర్ 16న ఉత్తరానికి వెళ్లారు. మూడు నెలలు ఎదురు చూడమన్నది బర్క్ మాట. బ్రాహే 18 వారాలు ఉన్నాడు. 1861 ఏప్రిల్ 21 పొద్దున డిపో ఎత్తేసి వెళ్లిపోయాడు. అదే రోజు సాయంత్రం ముగ్గురు మనుషులు, రెండు ఒంటెలు ఆ ఖాళీ మకాంలోకి ఈడ్చుకుంటూ వచ్చారు. నాలుగో మనిషి గ్రే నాలుగు రోజుల ముందే చనిపోయాడు, అతన్ని పాతిపెట్టడానికి వాళ్లు ఒక రోజంతా ఆగారు.

ఇక్కడ మీ ప్రశ్న: బర్క్, బ్రాహే ఇద్దరూ ఎవరికి తెలిసినంతలో వాళ్లు బాగానే ఆలోచించినట్టు కనిపిస్తున్నా, ఆ తర్వాత కూడా రెండు నెలల పాటు ఎవరికి ఎవరూ ఎందుకు దొరకలేదు? ఈ ప్రశ్నకు సంబంధం లేని మెటీరియల్ ఎంత రుచిగా ఉన్నా పక్కన పెట్టేయాలి. మెల్బోర్న్ క్లబ్బుల రాజకీయాలు, బర్క్ ఒక నటిని ప్రేమించిన సంగతి, ఇవన్నీ ఊరిస్తాయి. ఒక్కో పేరాకి మించి ఇవ్వకండి.

తారీఖుల పట్టిక వేయండి, నిలువు గళ్లు ఎక్కువ పెట్టండి

ఒక్క వాక్యం రాయకముందే చేయాల్సిన పని ఇది, సగం మంది ఎగ్గొట్టేదీ ఇదే. కాగితమో ఎక్సెల్ షీటో ఏదైనా సరే. అడ్డంగా రోజులు, నిలువుగా ఒక్కో గుంపుకి ఒక గడి. ఈ యాత్రకైతే ఐదు గళ్లు కావాలి: బర్క్ గుంపు, బ్రాహే డిపో, మెనిండీ అనే ఊరి నుంచి డిపోకి రావాల్సిన, విలియం రైట్ నడిపిన వెనక గుంపు, మెల్బోర్న్ కమిటీ, ఆ వాగు మీదే తరతరాలుగా ఉంటున్న యండ్రువంద ప్రజలు. ప్రతి గడినీ మళ్లీ రెండుగా చీల్చండి: ఆ రోజు ఏం జరిగింది, ఆ రోజుకు వాళ్లకు ఏం తెలుసు. రెండో సగమే మీ పుస్తకం.

ఏప్రిల్ 21 నుంచి నింపి చూడండి. బ్రాహే ఒక కూలబా చెట్టు మీద తవ్వమని చెక్కి, దాని దగ్గర గోధుమపిండి, ఓట్స్, పంచదార, బియ్యం, ఎండు మాంసం పాతిపెట్టి, సీసాలో ఒక చీటీ పెట్టాడు. చీటీలో తమ మనుషుల్లో ఒకరికి తప్ప అందరికీ ఒంట్లో బాగానే ఉందని, గుర్రాలు ఒంటెలు బాగున్నాయని రాశాడు. నిజానికి ఆ గుంపు అంత బాగా ఏమీ లేదు, ఆ రాత్రి వాళ్లు మకాం వేసింది 22 కిలోమీటర్ల దూరంలోనే. కానీ ఆ చీటీ చదివిన బర్క్‌కి తెలిసింది ఏమిటి? బలంగా ఉన్న గుంపు, మంచి జంతువులు, పొద్దుటి నుంచి ముందంజ. మన రెండు ఒంటెలతో అందుకోలేం. అందుకని అతను తాము వచ్చిన దారిలోనే వెనక్కి మెనిండీ వైపు వెళ్లకుండా, నైరుతి దిక్కున సౌత్ ఆస్ట్రేలియాలో మౌంట్ హోప్‌లెస్ దగ్గరున్న స్థావరం వైపు, సుమారు 240 కిలోమీటర్లు, వెళ్దామన్నాడు. విల్స్, కింగ్ వద్దన్నారు, అయినా అతని మాటే నెగ్గింది. గోతిలో తాము వచ్చినట్టు ఉత్తరం పెట్టి, మళ్లీ పూడ్చి, పైన ఏమీ కదపనట్టే సర్దేశారు. చెట్టు మీద కొత్త గుర్తు మాత్రం చెక్కలేదు.

ఇప్పుడు పక్క గడి. దారిలో రైట్ గుంపుని కలిసిన బ్రాహే, మనసు ఒప్పక రైట్‌ని తీసుకుని మే 8న మళ్లీ ఆ చెట్టు దగ్గరికి వచ్చాడు. పావుగంట ఉన్నారు. గొయ్యి పాతిపెట్టినట్టే ఉంది, చెట్టు మీద కొత్తగా ఏమీ లేదు, తవ్వకుండానే వెళ్లిపోయారు. ఇంకా పక్కకు రండి, మే 30. ముందుకు దారి దొరక్క వాగు దగ్గరే తచ్చాడుతున్న ముగ్గురిలో విల్స్ ఒక్కడే డిపోకి తిరిగి వచ్చాడు, తన డైరీలు గోతిలో దాచాడు, ఎవరూ వచ్చిన జాడ లేదని అనుకున్నాడు. ఎందుకంటే మే 8న వచ్చినవాళ్లు కూడా ఏ గుర్తూ వదల్లేదు.

పట్టిక లేకుండా ఈ మూడు తారీఖుల్ని మీరు మూడు వేర్వేరు అధ్యాయాల్లో చెప్పి ఉండేవాళ్లు, పాఠకుడికి ఒక్కటీ తగిలేది కాదు. పక్కపక్కన పెడితే "విధి", "దురదృష్టం" లాంటి మాటలు అవసరమే పడవు.

కాగితం ఎవరిది, ఎప్పుడు రాసింది

ఆధారాల సంగతి. ఈ యాత్రకు సంబంధించిన కాగితాలు చాలావరకు ఇంట్లో కూర్చునే చూడొచ్చు. కమిటీ రికార్డులు, యాత్రతో వెళ్లిన జర్మన్ చిత్రకారుడు లుడ్విగ్ బెకర్ వేసిన బొమ్మలు స్టేట్ లైబ్రరీ విక్టోరియాలో ఉన్నాయి. ఆనాటి పేపర్లు ఆస్ట్రేలియా నేషనల్ లైబ్రరీ వాళ్ల ట్రోవ్ వెబ్‌సైట్‌లో ఉచితంగా చదవొచ్చు. ప్రభుత్వం వేసిన విచారణ కమిషన్ ముందు బతికినవాళ్లు ఇచ్చిన వాంగ్మూలాలు ప్రశ్నా జవాబులతో సహా అచ్చయ్యాయి. జవాబులే చదివి ప్రశ్నలు దాటేయకండి, కమిషన్ ఎవరిని కాపాడాలనుకుంటోందో ఎవరిని ఇరికించాలనుకుంటోందో ప్రశ్నల్లోనే తెలుస్తుంది.

ప్రతి కాగితాన్నీ మూడు అడగండి. రాసినవాడు అక్కడ ఉన్నాడా? అదే రోజు రాశాడా, తర్వాతా? ఎవరు చదువుతారని రాశాడు?

గ్రే సంగతే తీసుకోండి. తిరుగు ప్రయాణంలో, మార్చి 25న, గ్రే ఒక చెట్టు వెనక దొంగతనంగా పిండి జావ తాగుతూ విల్స్‌కి కనిపించాడు. తనకు విరేచనాలని, అడక్కుండా పిండి తీశానని ఒప్పుకున్నాడు. బర్క్ అతన్ని పిలిచి బాగా కొట్టాడని విల్స్ డైరీలో ఉంది. విచారణలో కింగ్ మాత్రం, తల మీద కొన్ని చెంపదెబ్బలు అంతే అన్నాడు. ఏది నిజం? డైరీ అదే రోజుల్లో రాసింది కాబట్టి దానికే ఓటు వేయాలనిపిస్తుంది. కానీ అదే డైరీ జాగ్రత్తగా చదివితే, గ్రేని బర్క్ దగ్గరికి వెళ్లి చెప్పమని విల్స్ తన దారిన తాను వెళ్లిపోయాడు, దెబ్బలు పడినప్పుడు అక్కడ లేడు. కింగ్ ఉన్నాడు, కానీ చచ్చిపోయిన నాయకుడి పరువు కాపాడాలనుకునే మనిషి. ఇలాంటి చోట మీరు జడ్జీ పోజు పెట్టక్కర్లేదు, రెండూ చెప్పి, ఎవరు ఎక్కడ నిలబడి ఉన్నారో చెప్తే చాలు. అదే మంచి సీన్ అవుతుంది కూడా.

నాయకుడి కాగితాల మీద పెద్దగా ఆశ పెట్టుకోకండి. బర్క్ చాలా తక్కువ రాశాడు, కమిటీకి కూడా రాతలో వివరంగా ఏమీ పంపలేదు, కింది వాళ్లకు ఆర్డర్లు కూడా ఎక్కువగా నోటి మాటే. అందుకే మెనిండీలో రైట్ తన ఉద్యోగం ఖాయమవ్వాలి, డబ్బు రావాలి అంటూ వారాల తరబడి కూర్చుని జనవరి ఆఖర్లో గానీ కదల్లేదు. ఆ కాగితం లేకపోవడం కూడా ఒక ఆధారమే, దాని గురించి రాయండి.

తారీఖుల విషయంలో ఒక హెచ్చరిక. విల్స్, బర్క్ కచ్చితంగా ఏ రోజు చనిపోయారో చెప్పలేం, ఆఖరి రోజుల్లో డైరీ లెక్క కూడా తేడా పడి ఉండొచ్చు. "1861 జూన్ నెలాఖరు" అని రాసి వదిలేయండి.

సామాను లెక్క రాసుకోండి

ఇది కథ కాదనిపిస్తుంది, కానీ యాత్ర కథంతా ఇదే. ఎంత బరువు, ఎన్ని జంతువులు, రోజుకి ఎంత దూరం, తిండి ఎన్ని రోజులకి. బర్క్ గుంపు వెంట దేవదారు చెక్క పైభాగం ఉన్న ఓక్ చెక్క బల్ల, కుర్చీలు, రాకెట్లు, జెండాలు, ఒక చైనా గంట కూడా ఉన్నాయి. ఒంటెలకు తాగించడానికని అరవై గ్యాలన్ల రమ్ము తెచ్చారు, దాని మీదే గొడవలు ముదిరి, ఒంటెలు కొనితెచ్చిన జార్జ్ ల్యాండెల్స్ రాజీనామా చేసి వెళ్లిపోయాడు. ఒక బండి రాయల్ పార్క్ గేటు కూడా దాటకముందే విరిగింది. చదివేవాళ్లు నవ్వుతారు, నవ్వనివ్వండి, కానీ అక్కడ ఆగిపోకండి. అసలు సంగతి ఇది: మెల్బోర్న్ నుంచి మెనిండీ 750 కిలోమీటర్లకు వీళ్లకు రెండు నెలలు పట్టింది, మామూలు టపా బండి వారం పైన కొద్ది రోజుల్లో వెళ్లే దారి. దాంతో కూపర్ క్రీక్ చేరేసరికి నవంబర్ వచ్చింది, ఉత్తరానికి కదిలేసరికి డిసెంబర్.

మన పాఠకుడికి డిసెంబర్ అంటే చలి గుర్తొస్తుంది. అక్కడ అది నడివేసవి. ఒక్క వాక్యం చెప్పండి, లేకపోతే అధ్యాయమంతా తప్పుగా ఊహించుకుంటాడు. అలాగే ఫిబ్రవరి అంటే ఉత్తరాన వర్షాకాలం. ఒంటెలు బురదలో దిగబడ్డాయి, బర్క్, విల్స్ ఆఖరి దూరం ఒక గుర్రంతో నడిచి వెళ్లారు, ఉప్పునీళ్ల ఆటుపోట్లు కనిపించాయి గానీ మడ అడవులు అడ్డం వచ్చి సముద్రం చూడకుండానే వెనక్కి తిరిగారు. మూడు నెలల తిండితో బయల్దేరి, రెండు నెలలు వెళ్లడానికే అయిపోతే, మిగిలిన లెక్క పాఠకుడే వేసుకుంటాడు. మీరు "ఇక వారి పతనం మొదలైంది" అని డప్పు కొట్టక్కర్లేదు.

అక్కడ ముందే ఉన్నవాళ్లు

పాత పుస్తకాల్లో ఇది మూడు పేరాల వ్యవహారం: ఆదివాసులు వచ్చారు, చేపలు ఇచ్చారు, వెళ్లారు. మీరు రాసేటప్పుడు ఇక్కడ ఎక్కువ సేపు ఉండండి. ముగ్గురు తెల్లవాళ్లు ఆకలితో చస్తున్న ఆ వాగు పక్కనే యండ్రువంద కుటుంబాలు పిల్లాపాపలతో తిని బతుకుతున్నాయి. ఈ ఒక్క విషయం సరిగ్గా పెడితే "నరకం లాంటి ఎడారి" అనే వర్ణనలన్నీ వాటంతట అవే రాలిపోతాయి.

వాళ్లు సొంతంగా రాసిన కాగితం మనకు లేదు కదా అంటారు. నిజమే, అందుకే శత్రువు డైరీని, స్నేహితుడి డైరీని కూడా తిరగేసి చదవాలి. విల్స్ డైరీలో వాళ్లు పిలిచి చేపలు పెట్టడం, నార్డూ రొట్టెలు పెట్టడం, పడుకోవడానికి చోటివ్వడం ఉన్నాయి. వాళ్లలో ఒకడు ఒక గుడ్డ ఎత్తుకుపోయాడని బర్క్ అతని తల మీదుగా తుపాకీ పేల్చాడు, ఇంకోసారి ఇవ్వబోయిన చేపల్ని తోసేశాడు. వాళ్లు కొన్నాళ్లు మకాం మార్చేశారు. ఈ ముగ్గురికి వాళ్ల అవసరం ఎక్కువైన రోజులు సరిగ్గా అవే. ఇప్పుడు మీ పట్టికలో ఐదో గడి చూడండి, అది ఖాళీగా లేదు: వచ్చిన అతిథులు ఎలాంటివాళ్లో, ఎవరికి పెట్టొచ్చో ఎవరికి దూరంగా ఉండాలో వాళ్లు కూడా రోజూ నిర్ణయాలు తీసుకుంటూనే ఉన్నారు.

నార్డూ గురించి. నీటి చెమ్మలో పెరిగే నాలుగాకుల ఫెర్న్ మొక్క అది, దాని చుట్టాలు మన వరి మళ్ల గట్ల దగ్గర కూడా మొలుస్తాయి. దాని గింజల్లాంటి కాయల్ని నూరి తింటారు. యండ్రువంద వాళ్లకు దాన్ని సిద్ధం చేసే పద్ధతి ఉంది. తెల్లవాళ్లు నూరి తిన్నారు, కడుపు నిండింది, ఒంట్లో శక్తి రోజురోజుకీ దిగిపోయింది. ఆ మొక్కలో బి1 విటమిన్‌ను నాశనం చేసే పదార్థం ఉంది కాబట్టి వాళ్లది బెరిబెరి అయి ఉండొచ్చని కొందరు పరిశోధకుల వాదన. ఇది మీరు రాసేటప్పుడు ఎక్కడ పెట్టాలి? విల్స్ చనిపోయే సీన్‌లో మాత్రం వద్దు. అక్కడ విల్స్‌కి తెలిసిందే ఉండాలి: తిండి దొరుకుతోంది, ఆకలి కూడా పెద్దగా బాధించడం లేదు, అయినా లేవలేకపోతున్నాను ఎందుకని. ఆ అయోమయాన్ని అతను చాలా ప్రశాంతంగా, కాస్త హాస్యంగా కూడా రాశాడు. విటమిన్ సంగతి ఆ తర్వాతి అధ్యాయంలో చెప్పుకోండి.

కింగ్ ఎలా బతికాడన్నది ఇంకా మంచి కథ. ఒంటరిగా మిగిలాక వాళ్లను వెతుక్కుంటూ వెళ్లాడు, కాకుల్ని కొట్టి ఇచ్చేవాడు. ఒక స్త్రీ చేతికి పుండు ఉంటే వేడినీళ్లతో కడిగి తన దగ్గరున్న మందు రాశాడు, అది మండేసరికి ఆమె "మొకౌ, మొకౌ" అంటూ పరుగెత్తింది, వాళ్ల భాషలో నిప్పు అని. ఆ తర్వాత ఆమె, ఆమె భర్త రోజూ పొద్దున సాయంత్రం అతనికి కొద్ది కొద్దిగా నార్డూ పెట్టేవాళ్లు. ఇదంతా కింగ్ చెప్పిందే. సెప్టెంబర్ 15న, వీళ్లను వెతకడానికి వచ్చిన ఆల్ఫ్రెడ్ హోవిట్ మనుషులు కనిపించేదాకా వాళ్ల మధ్యే ఉన్నాడు.

ఒంటెలవాళ్లను కూడా మర్చిపోకండి. ల్యాండెల్స్ ఇండియా వెళ్లి ఒంటెలు కొని కరాచీ నుంచి ఓడలో తెచ్చాడు, వాటితో పాటు మనుషుల్నీ. యాత్ర కాగితాల్లో వీళ్లను "సిపాయిలు" అన్నారు: దోస్త్ మహమ్మద్, బెలూచ్, ఈసా ఖాన్, సాంలా. సాంలా హిందువు, రేషన్‌లో ఇచ్చే గొడ్డు మాంసం తినలేక తొందరగానే యాత్ర వదిలేశాడు. దోస్త్ మహమ్మద్ డిపోలో బ్రాహేతో పాటు 18 వారాలూ ఉన్నాడు. అంటే మే 8న ఎందుకు తవ్వలేదన్న ప్రశ్న మనం బ్రాహేని, రైట్‌ని అడుగుతాం గానీ, ఆ డిపోలో నాలుగు నెలలు గడిపిన ఈ మనిషి ఏమనుకున్నాడో దాదాపు ఎవరూ అడగలేదు. కింగ్ కూడా ఇండియాలో సైనికుడిగా ఉండి వచ్చినవాడే. ఒంటెల పేర్లు రాజా, లాండా, గోలా. తెలుగు పాఠకుడికి ఇవి ఆస్ట్రేలియా పుస్తకంలో ఎదురైతే ఎక్కడో చిన్న కదలిక వస్తుంది, దాన్ని వాడుకోండి, కానీ "మనవాళ్లు లేకపోతే ఈ యాత్రే లేదు" అని జబ్బలు చరుచుకునే దాకా వెళ్లకండి.

తెలుగులో రాసేటప్పుడు ఇంగ్లీషులో లేని తలనొప్పి ఒకటి ఇక్కడే వస్తుంది. బర్క్ "వెళ్లారు", ఒంటెలవాడు "వెళ్లాడు", ఆదివాసి స్త్రీ "ఇచ్చింది". మనకు తెలియకుండానే మర్యాదలు పంచేస్తాం, దొరలకు బహువచనం, మిగతావాళ్లకు ఏకవచనం. ఎడిట్ చేసేటప్పుడు దీని కోసం ప్రత్యేకంగా ఒకసారి చదవండి. నా ఓటు అందరికీ ఏకవచనానికి, కథ చురుగ్గా నడుస్తుంది. మీకు బహువచనమే బాగుంటే దోస్త్ మహమ్మద్‌కీ అదే ఇవ్వండి.

ఇక రాయడం

ఎక్కడ మొదలుపెట్టాలి? అందరూ ఆ చెట్టు దగ్గరే మొదలుపెడతారు, ఆ సాయంత్రంతో, తర్వాత "ఎనిమిది నెలల క్రితం" అని వెనక్కి వెళ్తారు. సినిమాల అలవాటు. అలా చేస్తే ఆ తర్వాతి రెండు వందల పేజీల్లో ప్రతి ఆలస్యం మీదా పాఠకుడు "అయ్యో" అనుకుంటూ కూర్చుంటాడు, అప్పుడు వాళ్లకు తెలిసింది అతనికి కనిపించదు. నేనైతే మెనిండీలో మొదలుపెడతాను, 1860 అక్టోబర్‌లో, ల్యాండెల్స్ వెళ్లిపోయి, విల్స్ రెండో స్థానానికి వచ్చి, బర్క్ తన గుంపుని రెండుగా చీలుస్తున్న చోట. అక్కడి నుంచి ముందుకు వెళ్లాలా ఆగాలా అన్న ప్రశ్న నిజంగా తెరిచి ఉంది, ముందుకు వెళ్లడానికి కూడా గట్టి కారణాలే ఉన్నాయి. స్టూవర్ట్ ఎక్కడిదాకా వచ్చాడో తెలియదు మరి.

ఏప్రిల్ 21ని రెండుసార్లు చెప్పండి. మొదట బ్రాహే వైపు నుంచి: డిపో మనుషుల్లో కాలు కదపలేని ప్యాటెన్, తగ్గుతున్న తిండి, రాని వెనక గుంపు, దాటిపోయిన గడువు. ఆ అధ్యాయం చివరికి బ్రాహే కదలడం పాఠకుడికి కూడా సరైనదే అనిపించాలి. అనిపించకపోతే మీరు సరిగ్గా రాయలేదు. తర్వాతే ఉత్తరం నుంచి వచ్చేవాళ్ల వైపు.

సంభాషణలు కల్పించకండి. "విల్స్ గొంతు వణికింది" లాంటివి అసలు వద్దు, వణికిందని ఎవరూ రాయలేదు. డైరీలోనో వాంగ్మూలంలోనో ఉన్న మాటలే కొటేషన్‌లో పెట్టండి, మిగతాది పరోక్షంగా చెప్పండి. మరి సీన్ ఎలా వస్తుంది? వస్తువులతో, వాతావరణంతో, సమయంతో వస్తుంది. గుడ్డలు చిరిగిపోయి చలికి వణుకుతున్నామని, డిపోలో తిండి పెట్టారు గానీ బట్టలు పెట్టలేదని వాళ్లకు బాధ ఉంది. ఆ ఒక్క వివరం మీరు కల్పించే పది డైలాగుల పెట్టు. "బహుశా", "అనుకుని ఉంటాడు" లాంటివి పేజీకి ఒకటి దాటితే ఆ పేజీ మళ్లీ రాయండి.

చెట్టు మీద చెక్కిన రాతల్లాంటి బాగా పేరు పడ్డ వివరాల దగ్గర మరీ జాగ్రత్త. అక్కడ సరిగ్గా ఏ అక్షరాలు ఏ వైపున ఉన్నాయన్నది ఈనాటికీ వాదనే. పాత ఫొటోలు, పేపర్లలో వచ్చిన బొమ్మలు చూసి ఆవేశపడి పూర్తి వాక్యాలు రాసేయకండి.

కొలతలు ఒక పద్ధతి పెట్టుకోండి. మైళ్లు కిలోమీటర్లు చేయండి, పౌండ్ల బరువు కిలోలు చేయండి, పౌండ్ల డబ్బుని మాత్రం ఇప్పటి రూపాయల్లోకి మార్చకండి, ఆ లెక్క ఎప్పుడూ తేడాగానే వస్తుంది. ఆనాటి జీతంతోనో గుర్రం ధరతోనో పోల్చి చెప్పొచ్చు, అది మీ ఆధారాల్లో ఉంటే. ఊళ్ల పేర్లు తెలుగు లిపిలో ఒక్కసారి ఎలా రాస్తే చివరిదాకా అలాగే రాయండి. మ్యాప్ తప్పనిసరి, అదీ అధ్యాయానికొకటి, మొత్తం యాత్రది ఒక్కటి మొదట్లో పెట్టేస్తే ఎవరూ వెనక్కి తిప్పి చూడరు.

ముగింపు చావుల దగ్గర పెట్టకండి. విచారణ కమిషన్ బ్రాహేని, రైట్‌ని తప్పు పట్టింది, బర్క్ విషయంలో మెత్తగా పోయింది. 1863 జనవరి 21న మెల్బోర్న్‌లో ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి, తర్వాత రెండేళ్లకు విగ్రహం. స్టూవర్ట్ 1862లో ఉత్తర తీరం చేరి బతికి తిరిగొచ్చాడు, అయినా జనానికి గుర్తున్నది బర్క్. కింగ్ 33 ఏళ్లకే 1872లో క్షయతో పోయాడు. వెతకడానికి వెళ్లిన నాలుగైదు గుంపులు తిరిగిన దారులే ఆ తర్వాత పశువుల మందలకు దారులయ్యాయి, అంటే యండ్రువంద వాళ్ల వాగుకు అసలు కష్టం బర్క్ పోయాకే మొదలైంది. మీ ఆఖరి అధ్యాయం దీని మీద ఉండాలని నా అభిప్రాయం.

రాసింది ఈ యాత్ర పేరు కూడా వినని మనిషికి ఒకరికి ఇవ్వండి. బాగుందా అని అడగకండి, మే 8న బ్రాహే ఎందుకు తవ్వలేదో చెప్పమనండి. చెప్పలేకపోతే ఆ అధ్యాయంలో పని మిగిలి ఉన్నట్టే.

ఆస్ట్రేలియా మనకెందుకు, మన నేల మీదే ఏమైనా ఉందా అనుకునేవాళ్లకు ఒకటి: 1819లో జార్జ్ ఎవరెస్ట్, పెద్ద త్రికోణమితి సర్వేలో కొత్తగా చేరిన కుర్రాడు, నిజాం రాజ్యంలో కృష్ణా గోదావరుల మధ్య అడవుల్లోకి వానాకాలంలో వెళ్లి జ్వరాల పాలయ్యాడు, అతనితో ఉన్నవాళ్లలో చాలామంది మంచం పట్టారు, కొందరు పోయారు, అతను కోలుకోవడానికి మరుసటి ఏడాది దక్షిణాఫ్రికాలోని కేప్ దాకా వెళ్లాల్సి వచ్చింది. సర్వే కాగితాలు ఢిల్లీ నేషనల్ ఆర్కైవ్స్‌లోనూ, లండన్‌లోని ఇండియా ఆఫీస్ రికార్డుల్లోనూ వెతకాలి. జెండాలు మోసినవాళ్లు, పల్లకీ మోసినవాళ్లు, ఊళ్లో తిండి ఇచ్చిన పటేళ్ల వైపు నుంచి రాయాలంటే హైదరాబాద్ తార్నాకలో రాష్ట్ర ఆర్కైవ్స్‌కి కూడా వెళ్లి అడగండి, కాకపోతే అక్కడి పాత దఫ్తర్లు ఎక్కువగా పారసీలో ఉంటాయి కాబట్టి చదివిపెట్టేవాళ్లను ముందే మాట్లాడుకుని వెళ్లండి.